ఎడమ మెలి

గేటు దగ్గర మా ఆయన స్కూటర్ ఆగిన చప్పుడు వినగానే గరిటె నా ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మారిపోతుంది. నేను మార్చను, అదే మారుతుంది. పద్ధెనిమిదేళ్ళ కాపురంలో నాకు అబ్బిన విద్యల్లో ఇదొకటి. నేను పుట్టుకతో పుర్రచేతి వాటం మనిషిని. గూడూరు దగ్గర మా ఊళ్ళో మా అమ్మ దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. పెళ్ళయి బందరు వచ్చిన మొదటి ఆదివారం ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నారు. అందరూ బంతిలో కూర్చున్నాక సాంబారు బకెట్టు తెచ్చి, అలవాటైన చేత్తో వడ్డించాను. మా అత్తయ్య రమణమ్మగారు నలుగురిలో ఏమీ అనలేదు. వంటింట్లోకి వచ్చి గరిటె తీసి నా కుడి చేతిలో పెట్టి, "ఆ చేత్తో ఈ ఇంట్లో ఎవరికీ పెట్టకమ్మా, తినబుద్ధి కాదు" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేసి మర్చిపోయేదాన్ని.

ఆ చేతికి ఇంట్లో చోటున్నది ఒక్క వెనక గదిలోనే, కిటికీ పక్క బల్ల దగ్గర. మా ఆయన బెన్నీ రోల్డ్ గోల్డ్ నగల యూనిట్లో శాంపిల్ మేస్త్రి. (మనసులో బెన్నీ అంటాను, పైకి ఏవండీ అంటాను.) కొత్త మోడల్ ఏదైనా ముందు రాగి తీగతో ఒక్క నగ చేత్తో తయారవ్వాలి. దాన్ని చూసుకుని మిగతా వేల నగలు చేస్తారు. ఆ మొదటి నగ చేసేవాడే శాంపిల్ మేస్త్రి. ఇక్కడ బందర్లో ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని రాళ్ళు అతికిస్తారు, గొలుసులు కలుపుతారు. శాంపిల్ మాత్రం మగవాడే చెయ్యాలి. ఎవరు పెట్టిన రూలో తెలియదు, ఎవరూ అడగలేదు. పదేళ్ళ క్రితం బెన్నీ కుడి చెయ్యి వణకడం మొదలైంది. నరాల బలహీనత అన్నారు డాక్టరుగారు. టీ గ్లాసు పట్టుకోగలడు, వెంట్రుకంత తీగ పట్టుకోలేడు. అప్పట్నుంచి తీగ మా ఇంటికి వస్తుంది, నగై తిరిగి వెళ్తుంది. "ఇంటి దగ్గరైతే మనసు నిలబడుద్దండి" అని యజమాని జగన్మోహనరావుగారికి చెప్పుకున్నాడు. ఆయన నమ్మారు. నమ్మక ఏం చేస్తారు, నగ బాగుంటుంది కదా.

ఎందుకు బాగుంటుందో నాకు తెలుసు. రెండు తీగలు కలిపి మెలేస్తే ఒక తాడులా వస్తుంది. కుడిచేతి వాళ్ళు ఎవరు వేసినా ఆ మెలి కుడి వైపు తిరుగుతుంది. యూనిట్లో రీళ్ళ మీద వచ్చే తీగా అంతే. నా చేతిలో అది ఎడమ వైపు తిరుగుతుంది. ఒక కుడి మెలి పక్కన ఒక ఎడమ మెలి పెట్టి అతికితే అల్లిన జడలా కనిపిస్తుంది. జడ అంచు అంటారు దాన్ని. బెన్నీ మేస్త్రి జడ అంచు అంటే గుడివాడ షాపుల్లో కూడా తెలుసట. ఆ మాట బెన్నీ నాకు చెప్పినప్పుడు ఎంత మురిసిపోయాడో. నాకు చెబుతున్నానన్న సంగతి కూడా మర్చిపోయాడు.

బాధపడలేదని అనను. కానీ పది గంటలకి వంటపని అయ్యాక ఆ బల్ల ముందు కూర్చుంటే అదంతా వెనక్కి పోయేది. అమ్మాయి మేరీ గుడ్లవల్లేరు హాస్టల్‌కి వెళ్ళాక ఈ ఇంట్లో నాతో మాట్లాడే మాటలన్నీ అడిగే మాటలే. టిఫినైందా, చొక్కా ఏది, మాత్ర ఎక్కడ పెట్టావు. ఏమీ అడగకుండా నాతో ఉండేది ఆ తీగ ఒక్కటే. సముద్రపు గాలికి రాగి నల్లబడుతుందని కిటికీ సగం మూసుకుని కూర్చునేదాన్ని. ఏ రోజైనా తీగ రాకపోతే ఆ రోజు సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

ఈ ఏడాది యూనిట్లోకి కంప్యూటర్‌తో నడిచే తీగ మెషీన్ వచ్చింది. దాన్ని నడిపించడానికి యశస్విని అనే అమ్మాయి చేరింది, గుడ్లవల్లేరులోనే ఇంజినీరింగ్ చదివిందట. పాత శాంపిళ్ళన్నీ స్కానర్ కింద పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. నగ ఆకారం అలా వచ్చేస్తుంది గానీ, మెలి ఎంత బిగించాలి, ఎక్కడ వదలాలి అన్నది మేస్త్రి చేతుల్ని వీడియో తీసి చూస్తే తప్ప మెషీన్‌కి చెప్పలేనందట. బెన్నీ అన్నం తింటూ ఈ సంగతి చెప్పి, "మెషీన్ సెట్ అయితే నన్ను డిజైన్ ఇన్‌చార్జి చేస్తానన్నారు" అన్నాడు.

"మరి శాంపిళ్ళండీ?" అన్నాను.

"ఇంకెందుకు? అన్నీ అదే చేసుద్ది. నీకూ రెస్ట్."

రెస్ట్ అన్న మాట నాకు ఎక్కడ తగిలిందో అతనికి తెలియదు. మజ్జిగ పొయ్యమన్నాడు, పోశాను, కుడి చేత్తో.

వీడియో ఇంటి దగ్గరే తీశాడు. ముందు గాజులు తియ్యమన్నాడు. తర్వాత పెళ్ళి ఉంగరం. తర్వాత తన నీలం ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తెచ్చి నా చీర మీద తొడిగాడు. చేతులు మణికట్టు దాకా లాగి బొత్తాలు పెట్టాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో బెన్నీ నాకు బొత్తాలు పెట్టడం అదే మొదటిసారి. "చేతులే కనపడతాయిలే, మొహం రాదు" అన్నాడు ధైర్యం చెబుతున్నట్టు. నేను తీగ అందుకోగానే ఫోన్ దించేశాడు. "పుర్రచెయ్యి. తెలిసిపోద్ది." కాసేపు ఫోన్‌లో వెతికి, వీడియోని అద్దంలో బొమ్మలా తిప్పేసే మీట ఒకటి కనిపెట్టాడు. తిప్పితే నా ఎడమ చెయ్యి కుడి చెయ్యి అయిపోతుంది. అంత సంతోషం అతని మొహంలో ఈ మధ్య చూడలేదు. అత్తయ్య పద్ధెనిమిదేళ్ళు కష్టపడి చేసిన పని ఆ ఫోన్ ఒక్క నొక్కుతో చేసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తీగలు పెట్టుకునే స్టీలు పళ్ళెం నా ఎదురుగా ఉంది. పెళ్ళికి మా అమ్మ పెట్టింది. అంచు మీద చుక్కలు చుక్కలుగా నా పేరు చెక్కించింది. బెన్నీ గాజులు చూశాడు, ఉంగరం చూశాడు, గోళ్ళు కూడా చూశాడు. పద్ధెనిమిదేళ్ళుగా ఇంట్లో తిరుగుతున్న ఆ పళ్ళెం మీద పేరుందని అతనికి తెలియదు. నాకు తెలుసు. పళ్ళెం ఫోన్ కింద మెరుస్తూంటే చూశాను, పక్కకి జరపలేదు. ఎందుకు జరపలేదని ఇప్పుడు అడిగితే పని ధ్యాసలో ఉన్నానని చెబుతాను. అది అబద్ధం.

పది రోజులకి బెన్నీ మొహం వేలాడేసుకుని వచ్చాడు. మెషీన్ మూడు వందల లాకెట్లకి అంచు వేసిందట, ఒక్కదానికీ జడ రాలేదట. రెండు మెలులూ ఒకే వైపు తిరిగి, ఉత్త ఏటవాలు గీతలుగా ఉన్నాయట. "ఆ పిల్లకేం తెలుసు, మెషీన్ సరిగ్గా పెట్టలేదు" అన్నాడు. నాకు అర్థమైంది. చెయ్యిని తిప్పేస్తే మెలి కూడా తిరిగిపోతుంది కదా. చెప్పబోయాను. అతను టీవీ పెట్టుకున్నాడు.

మర్నాడు పదకొండు గంటలకి యశస్విని మా ఇంటికి వచ్చింది. బెన్నీ యూనిట్లో ఉన్నాడు. అత్తయ్య వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు.

"బామ్మగారూ, ఇక్కడ హెప్సిబా ఎవరండీ?"

"మా కోడలమ్మా. ఎందుకూ?"

"ఆవిడ ఏం చేస్తారండీ?"

"ఏం చేసుద్ది, ఇంట్లోనే ఉంటది" అన్నారు అత్తయ్య. అనేసి, తల తిప్పి వెనక గది వైపు చూశారు. పదేళ్ళుగా ఆ గదిలో ఏం జరుగుతోందో ఆవిడకి తెలియకపోలేదు.

యశస్విని లోపలికి వచ్చి లాప్‌టాప్ నా బల్ల మీదే తెరిచింది. తెర మీద నీలం చొక్కా చేతులు తీగ మెలేస్తున్నాయి. "స్కాన్‌లో మెలి ఒక వైపుంది, వీడియోలో ఇంకో వైపుంది. నేను వీడియోనే నమ్మాను. లాకెట్లు పాడయ్యాక వంద సార్లు చూశానండి. పళ్ళెం అంచు మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి" అని ఏదో నొక్కింది. వీడియోలో కుడి ఎడమలు మళ్ళీ మారాయి. పళ్ళెం మీద నా పేరు తిన్నగా కనిపించింది. చొక్కాలో నా ఎడమ చెయ్యి కనిపించింది. నా చెయ్యి పనిచేస్తుంటే నేనెప్పుడూ చూడలేదు, చూడ్డానికి ఎవరుంటారు గనక. ఎంత బాగా చేస్తోందో. నాకు ఏడుపొచ్చింది.

"నేను జగన్మోహనరావుగారితో చెప్పలేదండి" అంది ఆ అమ్మాయి. "మళ్ళీ వీడియో కావాలని మాత్రమే చెప్పాను. రేపు యూనిట్లోనే, నా ఎదురుగా తియ్యాలని. ఫైల్‌లో మేకర్ అని ఒక గడి ఉంటుంది, ఇప్పుడు బెన్నీగారి పేరుంది. అది నేను చెరిపేసి వచ్చాను. ఏం రాయాలో మీరు చెప్పాలి."

"మెషీన్ నేర్చుకున్నాక నాకు తీగ రాదుగా అమ్మా?" అన్నాను. నా గొంతు మళ్ళీ కొత్తగా వినిపించింది.

ఆ అమ్మాయి మొహమాటానికి కూడా అబద్ధం చెప్పలేదు. "ఇంటికైతే రాదండి. కొత్త మోడళ్ళు కావాలంటే మాత్రం మనిషి కావాలి. ఆ మనిషి అక్కడ కూర్చోవాలి."

ఆమె వెళ్ళాక బల్ల ముందు కూర్చుని లెక్క వేసుకున్నాను. యూనిట్‌కి వెళ్తే బెన్నీ పరువు పోతుంది, ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. వెళ్ళకపోతే నా చెయ్యి ఆ మెషీన్‌లోకి వెళ్ళిపోతుంది, వేరే పేరుతో. నాకు గరిటె మిగులుతుంది. వణికే చేతి మీద జాలి నాకూ ఉంది. పదేళ్ళు ఆ జాలితోనే చేశాను. కానీ ఆ పదేళ్ళలో ఒక్కరోజైనా, తలుపేసి ఉన్న ఈ గదిలోనైనా, ఇది నువ్వు చేశావు హెప్సీ అని అతను అనలేదు.

మధ్యాహ్నం బెన్నీ అన్నానికి వచ్చాడు. అత్తయ్య కూడా కూర్చున్నారు. "రేపు వీడియో యూనిట్లోనే అంట. నాకు జ్వరం, రెండ్రోజులు రాలేనని చెప్పేసి వచ్చా. ఇంటి దగ్గరే ఇంకోటి తీద్దాం. ఈసారి కుడి చేత్తో చెయ్యి, ఈ రెండ్రోజులూ ప్రాక్టీస్ చెయ్యి. చొక్కా ఉతికావా?" అన్నాడు.

ఉతికాను. ఇస్త్రీ కూడా చేశాను. తెచ్చి అతని కుర్చీ వీపుకి తగిలించాను. తర్వాత చిక్కుడుకాయ కూర గిన్నె కుడి చేత్తో పట్టుకుని, ఎడమ చేత్తో గరిటె తీసుకుని అతని కంచంలో వడ్డించాను. గరిటె వణకలేదు. బెన్నీ కంచం వైపు చూశాడు. అత్తయ్య నా చెయ్యి వైపు చూశారు. తర్వాత తన కంచం నా వైపు జరిపారు. ఆవిడకీ అదే చేత్తో పెట్టాను.

"ఏంటిది?" అన్నాడు బెన్నీ.

"రేపు యూనిట్‌కి ఆ చొక్కా మీరు వేసుకు రండి" అన్నాను. "చేతులు నేను తీసుకొస్తాను."