మంచం మచ్చిక

“ఖాళీగానే ఉన్నావు కదా, ఆ హోటలేదో సూసి బుక్ సేసీ” అన్నాడు మా ఆయన. అప్పుడు నేను రెండు చేతులా గుడ్డ పట్టుకుని గంజి వారుస్తున్నాను. కాళ్ళు మాత్రం ఖాళీగానే ఉన్నాయి, కాదనను.

దసరా సెలవులకి హైదరాబాదు అవతలున్న థీమ్ పార్కుకి వెళ్ళాలని ఇంట్లో తీర్మానమైంది. అత్తగారు మంగాదేవి, మామగారు కూర్మనాథం, మా ఆయన కామేష్, తొమ్మిదేళ్ళ మా భాను, నేను. తీర్మానం మగవాళ్ళది. రైలు టికెట్లు, హోటలు, జంతికలు, మందుల డబ్బా నావి. అక్కుపల్లిలో ఉన్న మా అమ్మని కూడా తీసుకెళ్దామా, పుట్టిన దగ్గర్నించీ సముద్రం తప్ప ఇంకోటి చూడలేదు పాపం, అని ఒకసారి అడిగాను. “ఇది ఫ్యామిలీ ట్రిప్పే” అన్నాడు కామేష్. టెక్కలిలో ఆఫీసు గుమాస్తా కదా, మా అమ్మని ఏ ఫైల్లో పెట్టాలో వెంటనే తోచి ఉండదు.

హోటలు ఎలా ఉండాలో భోజనాల దగ్గర అందరూ తలో మాటా చెప్పారు. మామగారికి మెట్లు పనికిరావు, లిఫ్టంటే భయం. అత్తగారికి మంచం తల ఉత్తరానికి ఉండకూడదు. కామేష్‌కి టీవీ పెద్దదుండాలి. భానుకి కిటికీలోంచి జెయింట్ వీల్ కనిపించాలి. అందరిదీ అయ్యాక నా వంతు వస్తుందని గరిటె పట్టుకుని ఒక నిమిషం ఆగాను. ఫ్యాను చప్పుడు బాగా వినిపించింది.

“ఏ హోటలైనా పరవానేదు గానీ ఆ హోటల్ మాత్రం వొద్దు” అన్నారు అత్తగారు.

ఆ హోటలు సంగతి చెప్పాలి. పదకొండేళ్ళ కిందట, నేనీ ఇంటికి రాకముందు, వీళ్ళు ఆ పార్కుకే ఒకసారి వెళ్ళారు. మా బావగారు మహీధర్ ఆర్మీ నుంచి సెలవుకి వచ్చినప్పుడు, ఆయనా, ఆయన భార్యా, అత్తమామలూ. హోటల్లో దిగిన పూటే ఆవిడకి ఏదో గాలి సోకిందని, మంచం మీంచి లేవలేదని, పార్కు చూడకుండానే ఆ సాయంత్రం రైలుకే అందరూ తిరిగి వచ్చేశారని చెప్తారు. రావివలస మల్లన్న గుడి చుట్టూ ఆవిణ్ణి తిప్పారు. ఆ తర్వాత టెక్కలిలో పుట్టింట్లో దింపేశారు. బావగారు విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టి జబల్పూరు వెళ్ళిపోయారు. అప్పట్నించీ ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ పలకరు. పలికితే ఆ గాలి మళ్ళీ వస్తాదట.

పేరు మాత్రం ఇంట్లోనే ఉంది. ఆవిడ సారెతో వచ్చిన అన్నం గిన్నె అడుగున చెక్కించి ఉంది. అత్తగారు ఇసకేసి రుద్దించినా పూర్తిగా పోలేదు. పదేళ్ళుగా రోజూ ఆ గిన్నె తోముతున్నాను. నా బొటనవేలికి ఆ అక్షరాలు కంఠతా వచ్చు. ప్రమోదిని.

“ఆ హోటల్ పేరేంటత్తా? తెలిస్తే అటు పోకుండా ఉంటాను” అన్నాను.

అత్తగారు మామగారి వైపు చూశారు. మామగారు కామేష్ వైపు చూశారు. “పచ్చ గేటు. లోపలికెల్లగానే సిమెంటు ఏనుగు” అన్నారు మామగారు చివరికి. “పేరు మాకేటి తెలుస్తాదమ్మా? అయ్యన్నీ అదే సూసుకుంది.”

హోటలు వెతకడం కోడలి పని. అందుకని పీడకలగా గుర్తున్న హోటలు పేరు కూడా పెద్ద కోడలితోపాటే ఇల్లు దాటి వెళ్ళిపోయింది.

లేచి చెయ్యి కడుక్కుంటూ అత్తగారు ఇంకో మాట అన్నారు. “ఈసారి రెండు గదులు కదా. ఓ గదిలో నువ్వు మచ్చిక సెయ్యి, రెండో గదిలో భాను సేస్తాది. ఎదుగుతంది, నేర్సుకోవాల.”

మచ్చిక అంటే మా ఇంటి ఆచారం. ఇంకెక్కడా వినలేదు. కొత్త మంచం మీద ముందు ఇంటి ఆడపిల్లో కోడలో పది నిమిషాలు కదలకుండా పడుకోవాలి. అత్తగారు పక్కనే అలారం గడియారం పట్టుకుని నుంచుంటారు. ఆ మంచంలో ఏం ఉన్నా ముందు పడుకున్న మనిషిని పట్టుకుని, తర్వాత పడుకునేవాళ్ళని వదిలేస్తుందని నమ్మకం. తిత్లీ తుపానులో పాత మంచాలు నానిపోతే ఒకే రోజు నాలుగు కొత్త మంచాలు మచ్చిక చేశాను. సర్కసువాళ్ళు సింహాలకి కూడా అంతకన్నా ఎక్కువ టైమిస్తారు. పది నిమిషాలూ కళ్ళు తెరిచే ఉంచాలి. ఎవరూ నవ్వరు. అత్తగారు మన మొహాన్నే చూస్తుంటారు, ఏదైనా మారుతుందేమోనని. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఏడో ఎనిమిదో మంచం దగ్గర, నిజంగానే నాలోకి ఏదైనా వచ్చి ఉంటే ఎలా ఉంటుంది, వచ్చిందని నాకెలా తెలుస్తుంది అని ఆలోచించడం మొదలుపెట్టాను. నాకొద్దనుకున్నవి చాలానే వచ్చి చేరాయి మరి, ఈ పదేళ్ళలో. ఇప్పుడు ఆ మంచం మీద భాను, కళ్ళు తెరుచుకుని. ఆ బొమ్మ కళ్ళ ముందు నుంచి పోలేదు.

మధ్యాహ్నం అందరూ పడుకున్నారు. కాశీబుగ్గ వైపు నుంచి జీడిగింజలు కాలుతున్న ఘాటు వాసన గాలిలో వస్తోంది. గుమ్మంలో కూచుని ఫోన్లో హోటళ్ళు చూడటం మొదలుపెట్టాను. ఒకదానికి లిఫ్టు తప్ప దారి లేదు. ఒకటి పార్కుకి ఆరు కిలోమీటర్లు. మూడోది పార్కు గోడ పక్కనే, మెట్లెక్కక్కర్లేకుండా కిందనే గదులు, అంతా ఇంగ్లీషు రివ్యూలు. మధ్యలో తెలుగులో ఒకటి.

“గది 107. రెండు మంచాలు. కిటికీ పక్క మంచం మీద ముందు నేను పడుకున్నాను. మా అత్తగారు గడియారం పట్టుకుని నుంచున్నారు. పది నిమిషాలయ్యాక లేవబుద్ధి కాలేదు. పరుపు మంచిది.”

రివ్యూ రాసినవాళ్ళ పేరు ఎవరం చూస్తాం? అప్పుడు చూశాను. చిన్న అక్షరాల్లో, ప్రమోదిని, టెక్కలి. కుడిచేతి బొటనవేలు, ఎందుకో, దానంతటదే చీర అంచు మీద ఆ అక్షరాలు దిద్దింది.

కిందికి జరిపాను. ఏడాదికొకటి ఉన్నాయి, అన్నీ అదే హోటలు, అదే గది.

“మళ్ళీ వచ్చాను, ఒక్కదాన్నే. మంచం నన్ను గుర్తుపట్టింది.”

“గడియారం ఎవరూ పట్టుకోలేదు. అయినా పది నిమిషాలకోసారి మెలకువ వస్తోంది.”

“టీ బాగుంది. నాకు నేనే తెప్పించుకున్నాను.”

ఆఖరిది పోయిన నెలది. “ఇప్పుడు మెలకువ రావటం లేదు. అత్తమామలతో వచ్చే చెల్లెళ్ళకి ఒక మాట. కిటికీ పక్క మంచం తీసుకోండి. అది ఎప్పుడో మచ్చికైపోయింది.”

చుట్టూ చూశాను. వెనకాల గదిలో అత్తగారి గురక, వంటింట్లో బోర్లించిన గిన్నె. ఆ చెల్లెలు నేనేనని ఆవిడకెలా తెలుసు? తెలియక్కర్లేదేమో. ఆ ఇంటికి ఇంకో కోడలు వస్తుందని, హోటలు వెతికే పని ఆ కోడలికే పడుతుందని తెలిస్తే చాలు. పదకొండేళ్ళు ఓపిగ్గా గుమ్మం ముందు దీపం పెట్టినట్టు పెట్టింది, ఏటా ఒకటి.

హోటలు ఫోటోలు చూశాను. పచ్చ గేటుకి తెల్ల రంగు వేశారు. ఏనుగుని ఎప్పుడో తీసేశారు, దిమ్మ మిగిలింది. 107, 108 బుక్ చేశాను.

“అయిందా? ఇంతసేపు ఏటి సూత్తన్నావే?” అన్నాడు కామేష్ లేచి.

“అందరికీ నప్పేది దొరకొద్దూ” అన్నాను. పేరేంటని అడగలేదు. అడుగుతాడేమోనని రెండు రోజులు భయపడ్డాను, ఆ తర్వాత అడగనందుకు కోపమొచ్చింది.

హోటలు ముందు ఆటో దిగేసరికి మధ్యాహ్నం మూడు. బోర్డు మనిషెత్తు అక్షరాల్తో ఉంది. ఎవరూ తలెత్తలేదు, సామాన్లు లెక్కపెట్టుకుంటున్నారు. మామగారు మాత్రం ఖాళీ దిమ్మ దగ్గర ఆగారు. “ఇక్కడ ఏదో ఉండాలే” అన్నారు తనలో తాను. ఏం ఉండాలో గుర్తురాక లోపలికి నడిచారు.

ఆయనా కామేషూ కౌంటరు దగ్గర కాగితాలు రాస్తుంటే అత్తగారూ భానూ నేనూ గదికెళ్ళాం. 107. కిటికీ నిండా జెయింట్ వీల్, మనుషులెవరూ లేరు, అయినా మెల్లగా తిరుగుతోంది. భాను గంతేసింది. అత్తగారు గుమ్మంలో కాసేపు నుంచుండిపోయారు. తర్వాత సంచిలోంచి గడియారం తీశారు.

“భానూ, నువ్వు పక్క గదిలో...”

“ముందు ఇది కానీండత్తా” అన్నాను. “చూసి నేర్చుకుంటుంది.”

కిటికీ పక్క మంచం మీద పడుకున్నాను. పరుపులో ఒక మనిషి పట్టేంత పల్లం ఉంది. నా భుజం, నా నడుం, నా మడమలు వాటి వాటి చోట్లలోకి జారాయి, ఎవరో కొలతలు తీసి కుట్టించి పెట్టినట్టు. చల్లగా లేదు. ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు వెచ్చగా ఉంది. పెళ్ళయ్యాక పగటిపూట ఎవరికీ జవాబు చెప్పకుండా ఇలా నడుం వాల్చిన రోజు ఏదైనా ఉందా అని వెతికాను. పురుటి మంచం తప్ప దొరకలేదు. బయట చక్రం ఆగింది, మళ్ళీ తిరిగింది. గడియారం టిక్కుటిక్కుమంటోంది. మంచం కాళ్ళ దగ్గర భాను, కళ్ళు పెద్దవి చేసుకుని నన్నే చూస్తోంది. దానికేసి చూసి ఎవరికీ తెలియకుండా కన్ను కొట్టాను.

“అయింది. లెగు” అన్నారు అత్తగారు.

లేవలేదు.

“పదయిందే సౌజన్యా, లెగమంతన్నాను.”

“ఇంకా మచ్చిక కాలేదత్తా” అన్నాను కిటికీ వైపే చూస్తూ. “మీరు వెళ్ళి చూసి రండి. నేను పడుకుంటాను.”

ఆ మాట నాది కాదు. పదకొండేళ్ళ కిందట ఆవిడ అన్న ఆఖరి మాట. మా ఇంట్లో అందరికీ తెలుసు, పిచ్చికి రుజువని ఎన్నిసార్లు చెప్పుకున్నారో. గడియారం చప్పుడు గదిలో పెరిగినట్టయింది. అత్తగారు కిటికీ చూశారు, చక్రం చూశారు, తలుపు మీది అంకె చూశారు, ఆఖరికి నన్ను చూశారు. ముసలి చెయ్యి ఒక్క ఉదుటున చాచి భానుని తన దగ్గరికి లాక్కున్నారు.

“నువ్విలగ రా. ఆ మంచం జోలికెల్లకు. ఏ మంచం జోలికీ ఎల్లకు, తెలిసిందా? నీకొద్దీ పని.”

“సరే మామ్మా” అంది భాను. దాని గొంతులో నవ్వుందో భయముందో నాక్కూడా తెలియలేదు.

నాకు కావలసింది అయిపోయింది. ఇక లేవచ్చు. కానీ లేవబుద్ధి కాలేదు. అది నటన కాదు. పరుపు మంచిది.

పిల్లని వెనక్కి పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగారు అత్తగారు. ఎన్నాళ్ళుగానో నోట్లో ఇరుక్కున్నది బయటికి తీస్తున్నట్టు, మెల్లగా, కాస్త బతిమాలుతున్నట్టు పిలిచారు.

“ప్రమోదినీ...”

“ఆఁ, అత్తా” అన్నాను.