ఇంట్లో ఉంటున్నావిడ

నేను మానసిక వైద్య విభాగంలో చేరి అప్పటికి పదకొండు రోజులు. నాకు పని నేర్పే ప్రొఫెసరుని మేమంతా పెద్దాయన అనేవాళ్ళం. ఆ రోజు పొద్దున్నే ఆయన ఓ ఫైలు నా చేతిలో పెట్టి, "ఇవాళ పరీక్ష నువ్వే చెయ్యి. నేను రాను. తొందరపడకు," అన్నారు.

మనసుని పరీక్షించడానికి స్టెతస్కోపు పనికిరాదు. ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. వాలకం, మాట తీరు, ఆలోచన, జ్ఞాపకం, వివేకం ఒక్కొక్కటే చూసి కాగితం మీద పెట్టాలి. ప్రశ్నలన్నీ నాకు కంఠతా వచ్చు. మనుషులే ఇంకా అంతుపట్టలేదు.

వచ్చినాయన కోట్లు కుట్టే టైలరు. అరవై రెండేళ్ళు. వెంట భార్య. ఆయన తలుపు దగ్గర ఆగి ఆవిడకి దారిచ్చి, కుర్చీ లాగి, "మీరు కూర్చోండి," అన్నారు. నాకు ముచ్చటేసింది. ఆవిడ కుర్చీ అంచున కూర్చుని మెల్లగా చెప్పింది.

"ఇదేనమ్మా జబ్బు."

"ఏదండీ?"

"ఈ మర్యాద. ముప్పై ఆరేళ్ళ కాపురంలో నాకు కుర్చీ లాగిన మనిషి కాదు. మూడు వారాల నుంచి నన్ను మీరు అంటున్నారు. తిన్న కంచం తనే కడుక్కుంటున్నారు. నేను వాళ్ళావిణ్ణి కానట. అచ్చం ఆవిడలా ఉండే వేరే మనిషినట."

ఆయన ఇబ్బందిగా కిటికీ వైపు చూశారు. పరాయివాళ్ళ కష్టం వినాల్సి వచ్చినవాడిలా ఉంది ఆయన ముఖం.

ఆవిడని బయట బెంచీ మీద కూర్చోమని చెప్పి తలుపు వేశాను. ఆయన బట్టలు శుభ్రంగా ఉన్నాయి, మాట నిదానంగా ఉంది. తేదీ అడిగితే చెప్పారు, వారం కూడా చెప్పారు. తాళం, నిమ్మకాయ, వంతెన అని మూడు మాటలిచ్చి గుర్తుపెట్టుకోమన్నాను. కాసేపాగి అడిగితే మూడూ అప్పజెప్పారు. వందలోంచి ఏడేసి తీసేస్తూ వెళ్ళమంటే, నేను కాగితం మీద సరిచూసుకునేలోపే రెండుకి వచ్చి ఆగారు.

"ఇక తియ్యడానికి గుడ్డ లేదమ్మా," అన్నారు.

నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదేమో అనుకుంటూనే నవ్వేశాను. ఆయన కాస్త తేలికపడి కుర్చీలో వెనక్కి వాలారు.

"మనసెలా ఉందండీ?"

"ఎలా ఉంటుంది? ఇంటిమనిషి ఇంట్లో లేదు."

"మరి ఇప్పుడు ఇంట్లో ఉన్నది?"

"ఎవరో ఆవిడ. ఎవరు పంపించారో, ఎందుకు పంపించారో తెలీదు. అచ్చు గుద్దినట్టుంటుంది. ముక్కు మీద పుట్టుమచ్చ కూడా అక్కడే ఉంది. కానీ కాదమ్మా. నాకు తెలుస్తుంది కదా."

"ఆవిడ మీద కోపం వస్తుందా? ఎప్పుడైనా చెయ్యి చేసుకోవాలనిపించిందా?"

ఈ ప్రశ్న తప్పనిసరి. ఆయన నొచ్చుకున్నారు.

"ఎంత మాట. పాపం, ఆవిడేం చేసింది? తెల్లారకముందే లేచి నాకోసం చాకిరీ చేస్తోంది. వద్దంటే వినదు."

"'దూరపు కొండలు నునుపు' అంటారు కదా. అంటే ఏమిటి?"

సామెతకి అర్థం అడగడం మా పరీక్షలో భాగమే. ఆలోచన లోతుకి వెళ్తుందో లేదో తెలుస్తుంది. ఆయన తన చేతులు చూసుకుంటూ అన్నారు.

"దగ్గరున్నంతసేపూ గరుకే కనిపిస్తుందని. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఉప్పెక్కువైందనీ, బొత్తాము ఊడిందనీ ఒకటే గొణిగేవాణ్ణి. ఇప్పుడు ఎక్కడుందో."

నేను ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

"ఇంట్లో పొగ వాసన వస్తే ముందు ఏం చేస్తారు?"

"ఆవిణ్ణి బయటికి పంపిస్తాను. పరాయి మనిషి కదా, మనింట్లో ఏమైనా అయితే మాట మనకే."

చివరికి గడియారం బొమ్మ గీయమన్నాను. గుండ్రం మాత్రం సుద్దతో గుడ్డ మీద గీసినంత ఒడుపుగా వచ్చింది. కానీ పన్నెండు అంకెలూ కుడివైపే ఒకదాని మీద ఒకటి ఇరుక్కున్నాయి. ఎడమవైపు ఖాళీ. "సరిపోయిందా?" అని అడిగితే, చూసుకుని, "సరిపోయింది," అన్నారు. ఆ క్షణం దాకా నేను ఆయన మనసు గురించే ఆలోచిస్తున్నాను. మెదడులో ఏదో జరిగిందని అప్పుడు తోచింది.

బయటికెళ్ళి ఆవిణ్ణి అడిగాను. మూడు వారాల కిందట ఒక పూట ఆయన ఎడమచెయ్యి తిమ్మిరెక్కిందట. సాయంత్రానికి సర్దుకుందని ఎవరికీ చెప్పలేదట. తర్వాత ఆవిడ ఇంకో మాట అంది.

"మొన్న మా చెల్లెలింటి నుంచి ఫోన్ చేస్తే నన్ను పోల్చుకున్నారమ్మా. ఎక్కడికెళ్ళిపోయావే అని ఏడ్చారు. ఇంటికొచ్చేసరికి మళ్ళీ మీరు, తమరు."

ఆవిడ ఒప్పుకుంటే నా కళ్ళతో చూడాలనుకున్నాను. ఒప్పుకుంది. నేను గదిలో ఆయన ఎదురుగా కూర్చున్నాక ఆవిడ వరండా చివరి నుంచి ఫోన్ చేసింది. ఆయన ఎత్తారు. గొంతు వినగానే ఆ ముఖం మారిపోయింది.

"ఏమే, తిన్నావా? నేను బాగానే ఉన్నా. ఇంట్లో ఒకావిడ ఉంటోంది, మంచి మనిషే. నువ్వొచ్చాక ఆవిడకి మంచి కోటొకటి కుట్టి పంపిద్దాం. చలికి వణుకుతూ తిరుగుతోంది."

ఆవిడ మాట్లాడుతూనే నడిచి వచ్చి, ఫోను చెవి దగ్గరే ఉంచుకుని తలుపు తీసింది. ఆయన తలెత్తి చూశారు. ముఖంలో వెలుగు ఆరిపోయింది. చప్పున లేచి కుర్చీ చూపించి, ఫోన్లో గొంతు తగ్గించి అన్నారు.

"ఉండు, ఆవిడ వచ్చారు. మళ్ళీ చేస్తాను."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి, నవ్వి, ముఖం తుడుచుకుని, "నాతో మాట్లాడేది నాకే వినిపించకుండా దాస్తున్నారు చూడండి," అంది.

పెద్దాయన నా కాగితాలు చదివి, గడియారం బొమ్మ దగ్గర ఆగి, ఆ పూటే స్కాన్ తీయించారు. మెదడు కుడివైపు ఒక చిన్న చోట రక్తం ఆగిపోయిన మచ్చ ఉంది. చూసిన ముఖానికీ, దాని మీదుండే ఆపేక్షకీ మధ్య దారి అక్కడెక్కడో తెగి ఉంటుందని పెద్దాయన వివరించారు. గొంతు మాత్రం వేరే దారిన వెళ్తున్నట్టుంది. మందులు మొదలుపెట్టాం. నేనే మీ ఆవిణ్ణని రోజూ వాదించవద్దని ఆవిడకి చెప్పాం.

"వాదించనమ్మా. ఈ వయసులో ఇంత మర్యాద ఎవరు చేస్తారు?" అంది. కానీ లేచేటప్పుడు బల్లని గట్టిగా పట్టుకుంది.

రెండు నెలలు పెద్దగా మార్పు లేదు. మూడో నెలలో ఆవిడ ఒక్కతే ముందు లోపలికొచ్చి చెప్పింది.

"నిన్న పొద్దున కిటికీ దగ్గర తల దువ్వుకుంటున్నాను. వెనక నిలబడి ఎంతసేపు చూశారో తెలీదు. 'ఎప్పుడొచ్చావే?' అన్నారు."

"మీరేమన్నారు?"

"ఇప్పుడే అన్నాను."

"ఎప్పుడూ ఇక్కడే ఉన్నానని చెప్పలేకపోయారా?"

"చెప్పి ఏం సాధిస్తానమ్మా? నేనొచ్చానని ఆయన సంబరం ఆయనది. వచ్చినదానిగా ఉండటమే నాకూ బాగుంది."

మధ్యాహ్నానికి ఆయన కళ్ళకి ఆవిడ మళ్ళీ తప్పిపోయిందట. ఇవాళ పొద్దున మళ్ళీ దొరికిందట. ఇలాగే కొన్నాళ్ళు ఉండొచ్చని, మెల్లగా మంచిరోజులు పెరగొచ్చని చెప్పాను. ఆవిడ తలూపి, మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. బయట బెంచీ మీద నుంచి ఆయన విసుగ్గా పిలుస్తున్నారు, ఎంతసేపే, బస్సు పోతుందని. ఆవిడ, "వస్తున్నా, అరవకండి," అంటూ పరుగులాంటి నడకతో వెళ్ళింది.