ఆగమనేదాకా

మంచులో అడుగుల చప్పుడు.

మనిషి కనబడడు. చప్పుడొక్కటే. టప్… టప్… టప్… కాలువ పక్కన మట్టిదారి. ఒకవైపు నీళ్ళు, ఒకవైపు రెల్లు. రెంటినీ మంచు మింగేసింది.

ఆ అడుగులు మావయ్యవి.

ఆయన ముందు, కోడలు వెనక. రోజూ ఇంతే.

జనాన్ని పరుగెత్తించడమే ఆమె ఉద్యోగం. అందరికీ ఆమె కోచ్. కుర్చీలకు అతుక్కుపోయిన ఆఫీసర్లు, నడుం పట్టేసిన తల్లులు, రెండు మెట్లెక్కితే ఆయాసపడే మేష్టర్లు — అందరినీ కాలువ దారికి లాక్కొస్తుంది. బతిమాలితే కదలరు మహానుభావులు! కసిరితేనే కదులుతారు. అందుకే ఆ గొంతు అంత కరుకుగా తయారైంది.

మావయ్య సంగతి వేరు.

పోయినేడు ఆయన గుండె ఒకసారి మొరాయించింది. ఆసుపత్రి వరండాలో అత్తయ్య ఏడవలేదు. ఆయన చెప్పులు ఒళ్ళో పెట్టుకుని, తలుపు వంక చూస్తూ కూర్చుంది. ఆ చెప్పులు చూసి కోడలికి భయం వేసింది. అంత భయం ఆమె ఎన్నడూ ఎరగదు.

ఆయన ఇంటికొచ్చాక డాక్టరును అడిగి, మెల్లగా మొదలుపెట్టింది. ముందు గేటు దాకా. తర్వాత వీధి చివరి దాకా. నడక… నడకలో నాలుగడుగుల పరుగు… మళ్ళీ నడక. ఒళ్ళు గట్టిపడటం ఒక్కరోజు పని కాదు మావయ్యా, అనేది. కొంచెం కష్టపెట్టాలి, కొంచెం ఊరుకోబెట్టాలి. గుండెకు నచ్చజెప్పుకోవాలి.

ఆయన విన్నాడు. మరీ బాగా విన్నాడు.

ఉద్యోగమంతా రైలింజనులో గడిపిన మనిషి. సిగ్నల్ ఇస్తే కదలడం, ఎర్రదీపం పడితే ఆగడం. సొంత తెలివి చూపించే డ్రైవరు జనం ప్రాణాలు తీస్తాడనేవాడు. ఇంట్లో అమ్మాయ్ అని పిలిచే ఆయన, కాలువ దారికి రాగానే నవ్వకుండా కోచ్ గారూ అనేవాడు.

“ఇంట్లో నువ్వు కోడలివి. ఇక్కడ నా సిగ్నల్‌వి. నువ్వు ఆగమంటే ఆగుతా, లేకపోతే లేదు.”

ఆమె మురిసిపోయింది. పిచ్చి పిల్ల! ఇన్నాళ్ళకు మాట వినే మనిషి దొరికాడని మురిసిపోయింది.

“నేను ఆగమనేదాకా ఆగొద్దు మావయ్యా.”

రోజూ అనే మాటే. ఈ పొద్దునా అంది.

అన్న కాసేపటికే వెనక కేక. జట్టులో కొత్తగా చేరిన అమ్మాయి — త్వరలో పెళ్ళి, అందరూ పెళ్ళికూతురనే పిలుస్తారు — గుంటలో కాలు మడతపడి కూలబడింది. చూస్తుండగానే చీలమండ వాచిపోయింది. కోచ్ ఆమెకు భుజమిచ్చి లేపింది. రోడ్డు దాకా నడిపించింది. ఆటో ఎక్కించి, తనూ ఎక్కింది.

మావయ్యకు చెప్పలేదు.

చెప్పాలన్న ధ్యాసే లేదు.

ఎక్స్‌రే గది బయట బల్ల మీద కూర్చుంది. లోపల పెళ్ళికూతురు ఏడుస్తోంది. అప్పుడు ఆమె సంచీలో మావయ్య ఫోను మోగింది. పరుగెత్తేటప్పుడు జేబులో బరువని ఆయన రోజూ ఆమెకే ఇస్తాడు.

“ఏమండీ,” అంది అవతల అత్తయ్య. “ఇంకా ఎంతసేపు? టిఫిను చల్లారిపోతోంది.”

కోడలు బల్ల మీంచి లేచింది.

“అత్తయ్యా… నేను.”

“నువ్వా? ఆయనేరీ? పక్కనే ఉన్నారా?”

“ఉన్నారు… వస్తున్నాం.”

ఎంత సులువుగా వచ్చిందో అబద్ధం! ఆగి ఉంటారులే, అనుకుంది. ఎవరైనా ఆగుతారు. ఆయాసమొస్తే ఆగుతారు, దాహమేస్తే ఆగుతారు. చిన్నపిల్లాడేం కాదుగా!

ఆయన ఆగడు.

ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆగకుండా తయారుచేసింది తనేగా.

పెళ్ళికూతురిని నర్సుకు అప్పజెప్పి, దొరికిన ఆటోలో కాలువ దగ్గర దిగింది. మంచు ఇంకా విడలేదు. పాలు పోసి వస్తున్నతను సైకిలు ఆపాడు.

“పెద్దాయనా? అటే వెళ్ళాడమ్మా. నడకో పరుగో తెలీదు, అలా పోతూనే ఉన్నాడు. పలకరించినా పలకలేదు.”

పలకలేదు…

ఆమె పరుగందుకుంది.

మొదటే ఊపిరంతా ఖర్చుపెట్టొద్దు — చేరినవాళ్ళందరికీ ఆమె చెప్పే తొలిపాఠం అది. ఈ రోజు ఎవరికి గుర్తుంది ఆ పాఠం! చావు వెంటపడ్డట్టు పరుగెత్తింది. డొక్కలో పోటు. నోట్లో ఇనుము రుచి. ఎక్కడైనా పడిపోయి ఉంటే? నీళ్ళవైపు పడి ఉంటే? రెల్లు కదిలితే తల అటు తిప్పుతోంది. దారి పక్కన ఏదో నల్లగా కనబడితే — ఆయనే అనుకుంది. కాదు. సిమెంటు తూము. దేవుడా… ఆ చెప్పులు మళ్ళీ అత్తయ్య ఒళ్ళోకి పోనివ్వకు.

మంచు. నీళ్ళు. మంచు.

అప్పుడు వినబడింది.

టప్… జర్… టప్… జర్…

ఒక కాలు ఈడుస్తున్నాడు. అయినా ఆగలేదు. బతికే ఉన్నాడు! ఆమెకు ఏడుపొచ్చేసింది. మావయ్యా ఆగండి, అని అరవబోయింది. నోరు తెరిచింది. ఊపిరే లేదు, ఇక గొంతెక్కడిది? గాలి బుస్సుమని బయటికొచ్చిందంతే.

ఇంకా గట్టిగా పరుగెత్తింది. దగ్గరికి పోతే చాలు. చెయ్యి పట్టుకుంటే చాలు.

ముందు అడుగులు వేగమయ్యాయి.

టప్ టప్ టప్.

ఆమెకు అర్థం కాలేదు. తను వేగం పెంచింది. అవీ పెంచాయి.

అప్పుడు అర్థమైంది. వెనక నా అడుగు వినబడిందంటే మీరు బద్ధకిస్తున్నట్టే, వేగం పెంచాలి — ఎన్నిసార్లు నేర్పింది ఆయనకు! ఎన్నిసార్లు శభాష్ అంది! ఆ జబ్బు గుండెలో మిగిలిన కాస్త బలాన్నీ ఆయన ఇప్పుడు కోచ్ మెప్పు కోసం ఖర్చుపెడుతున్నాడు. ఆమె రక్షించడానికి వేసే ప్రతి అడుగూ ఆయన్ను తరుముతోంది.

ఆగాలి.

ఆయన కాదు. తనే ఆగాలి.

ఆగడమంత కష్టం ఆమెకు జీవితంలో మరేదీ కాలేదు. కాళ్ళు వినలేదు. తన మావయ్య అక్కడ, మంచులో, ఒక్కడూ… ఎలా ఆగడం? పళ్ళు బిగించి, రెండు చేతులా తొడలు పట్టుకుని నిలబడిపోయింది. ఊపిరి చప్పుడు కూడా ఆయనకు వినబడుతుందేమోనని అరచేత్తో నోరు మూసుకుంది.

విన్నది.

టప్… టప్…

టప్… జర్…

టప్…

ఇక లేదు.

ఆగాడా? పడ్డాడా?

కాలువ నీళ్ళు మెల్లగా పోతున్నాయి. మంచులోంచి దగ్గు రాలేదు, మూలుగు రాలేదు, అమ్మాయ్ అన్న పిలుపు రాలేదు. కేక వేయబోయింది, ఇంకా గాలే వచ్చింది. పరుగెత్తాలి. పరుగెత్తితే — ఆయన నిలబడే ఉంటే — మళ్ళీ పరుగెడతాడు.

మెల్లగా బూట్లు విప్పింది. తడిమట్టి మీద వట్టికాలు మోపింది. చప్పుడు కాలేదు.

ఒక అడుగు.

ఆగి విన్నది.

ఇంకో అడుగు…