చీకటి గదికి సంధ్యవేళ

నా ఈగలకు పొద్దు ఎలా తెలుస్తోందో నాకు అంతుపట్టడం లేదు. నెలల తరబడి వాటిని కటిక చీకటి గదిలో పెట్టాను. వెలుగు సోకకపోతే ఈగ తన ఒంట్లోని గడియారాన్నే నమ్ముకుంటుంది. నా ఈగల గడియారం పుట్టుకతోనే నిదానం, కాబట్టి అవి రోజురోజుకీ ఇంకాస్త ఆలస్యంగా నిద్ర లేవాలి. అది చూపించడమే నా పిహెచ్‌డీ. ఈ మహాతల్లులేమో రోజూ ఒకే వేళకు లేచి కూర్చుంటున్నారు.

“గదిలోకి యాడో వెలుగు దూరతా ఉండాది. నీ అజాగ్రత్తే,” అన్నారు మా గైడ్ గురుమూర్తి సార్. పాత బెంగళూరు తెలుగాయన. “కారణం చెప్పు, అప్పుడు గడువు పెంచమని రాస్తాను.”

నా పిహెచ్‌డీ గడువు ఈ నెలతో సరి. తలుపు సందులకు నల్ల టేపు అంటించాను, గది చల్లదనంలో తేడా వల్లేమోనని ఏసీ మార్పించాను, ఏమీ పాలుపోక చర్చికెళ్ళి ప్రార్థన కూడా చేశాను. ఈగలు మాత్రం పట్టు వదల్లేదు.

ట్రాఫిక్కుకు భయపడి రోజూ వెలుతురుండగానే మారతహళ్ళి బస్సెక్కేస్తాను. ఆ సాయంత్రం బస్సు తప్పిపోయింది. తిట్టుకుంటూ ల్యాబ్‌కు తిరిగొచ్చేసరికి, సార్ ఫోన్లో కూతురితో మాట్లాడుతూ వరండాలో నడుస్తున్నారు. ఒక్కో గది బయట ఆగి, లైటు స్విచ్చి వేసి, చెయ్యి కళ్ళకద్దుకుని, కాసేపు మాట్లాడి, ఆర్పేసి ముందుకు సాగుతున్నారు. నా చీకటి గదికీ అదే మర్యాద జరిగింది.

“సార్! డార్క్ రూమ్ లైట్ ఆన్ చేశారు మీరు!”

“నేనా? నేనెందుకు వేస్తానమ్మా జెస్సీ?” అంటూనే పక్కగది స్విచ్చి వేసి కళ్ళకద్దుకున్నారు. అప్పుడు చూసుకున్నారు తన చేతిని.

“దీపాలు పెట్టే వేళకు ఏ గదీ చీకటిగా ఉండకూడదని మా అమ్మ చెప్తా ఉండె,” అన్నారు నెమ్మదిగా. “చెయ్యి దానంతట అదే పోతా ఉండాది.”

మా గుంటూరు ఇంట్లో ఈ అలవాటు లేదు, నాకెలా తోస్తుంది? రోజూ ఒకే వేళకు కాస్త వెలుగు తగిలితే చాలు, ఈగ గడియారం దానికి సర్దుకుపోతుంది. ఆ పాఠం చెప్పింది ఈయనే. ఒళ్ళు మండిపోయింది. నా నెలలన్నీ బూడిదలో పోసిన పన్నీరు.

“కారణం దొరికింది కదా సార్, రాయండి,” అన్నాను, ఏడుపు ఆగక.

ఆయన గొంతు తగ్గించారు. “కరెంటు ఫాల్టని రాద్దామమ్మా.”

“రోజూ సంధ్యవేళకే వస్తుందా సార్ ఫాల్టు?”

ఆయన ఫోను జేబులో పెట్టుకుని పక్కగది లైటు ఆర్పేశారు. గడువు కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. పళ్ళు కొరుక్కుంటూ, “అలాగే రాయండి,” అన్నాను.