ట్రైలరులో మొక్కు పొట్టేలు

సినిమా పిచ్చి ఉన్నవాడైతే ఒక్క చూపుకే పసిగట్టేవాడు. పరమేష్‌కు ఆ పిచ్చి లేకపోవడమే కొంప ముంచింది. ఆయనకు తెలిసిందల్లా గొర్రెలు. మంద మొత్తంలో ఏది ఏ తల్లి పిల్లో మొహం చూసి చెప్పేస్తాడు. తిరుమలగిరి అంగట్లో తప్పిపోయిన గొర్రెను ఏడాది తర్వాత ఇంకొకడి మందలో గుర్తుపట్టి, పదిమందిలో నిలబెట్టి తెచ్చుకున్న మనిషి.

అందుకే ఆ రోజు గుట్ట కింద, తనతో మంద మేపే ఐలేశం ఫోను తెచ్చి మొహం ముందు పెట్టగానే చేతిలో కర్ర జారిపోయింది.

"అరే పరమేష్, మీ పొట్టేలు సినిమాల పడ్డదిర! ట్రైలరొచ్చింది, సూడు!"

మంచులో గుట్ట. గుట్ట మీద పొట్టేలు. నుదుట పసుపు, కుడి కొమ్ము చెంపకు ఆనేటట్టు లోపలికి వంగి ఉంది. ఇంకెవరిది? తనదే. పాటలాంటిదేదో మోగింది, ఎవడో కత్తి ఎత్తాడు, తెరంతా నెత్తురు. పొట్టేలు కింద పడి కాళ్లు కొట్టుకుంది.

"మళ్లోపారి పెట్టు" అన్నాడు పరమేష్. ఐలేశం మళ్లీ పెట్టాడు. మళ్లీ చచ్చింది.

అది మామూలు పొట్టేలైతే పోతే పోయిందనుకునేవాడు. అది మొక్కు పొట్టేలు. కిందటేడు వానల్లో కూతురు మల్లికకు జ్వరం ముదిరి నల్లగొండ దవాఖానలో పడి ఉంటే, పరమేష్ తల్లి గుర్వమ్మ కులదైవం బీరప్పకు మొక్కింది. పిల్ల నడిచి ఇంటికొస్తే ఆయన పండుగనాడు పొట్టేలునిస్తానని. పిల్ల నడిచే వచ్చింది. మందలోకెల్లా మంచిదాన్ని ఏరి, నుదుట బండారి పసుపు పూసి, దేవుడి పేరున విడిచింది. అట్లా విడిచిన పొట్టేలు దేవుడి ముందరే పోవాలి. వేరే చోట, వేరే చేతుల్లో నెత్తురు కారితే మొక్కు తిరగబడుతుంది. ఎవరికోసం మొక్కారో వాళ్ల మీదికే.

మరి అలాంటిదాన్ని సినిమావాళ్లకు ఎవడిమ్మన్నాడయ్యా? కిరాయికి ఆశపడి కాదు. మురిసిపోయి ఇచ్చాడు. గుట్ట దగ్గర షూటింగు జరిగినప్పుడు, జంతువుల సంగతి చూసుకునే సునీల్ అనే ఆయన "అన్నా, గింత అందమైన మొహం మా హీరోకు గూడ లేదు" అన్నాడు. అంతే, మనవాడు ఉబ్బిపోయాడు. అక్కడి పని ముగిశాక ఇంకో చోట కూడా కావాలని బండెక్కించుకుని పోయారు. పండుగలోపల తెచ్చిస్తామన్నారు. తల్లికి మాత్రం, కోస్గిలో ఉన్న పెళ్లాం శోభ తమ్ముడి మందలో విత్తనానికి పంపానని చెప్పాడు. శోభ వద్దని మొత్తుకుంది. విన్నాడా!

సునీల్‌కు ఫోను చేస్తే స్విచాఫ్. మళ్లీ చేస్తే మళ్లీ అంతే.

"ఐలేశం, నీ కాళ్లు మొక్కుత. మా అమ్మకు మాత్రం సూపెట్టకు" అని బతిమాలాడు.

"నేనెందుకు సూపెడ్తర?" అన్నాడు ఐలేశం, ఎటో చూస్తూ.

ఇంటికొచ్చి శోభకు చెప్పాడు. ఆమె నెత్తీ నోరూ కొట్టుకోలేదు, ఫోను లాక్కుని సినిమా పేరు వెతికింది. ఒకటి కాదు, నాలుగు ట్రైలర్లు. నాలుగింటి మీదా అఫీషియల్ అనే ఉంది. ఒకదాంట్లో పొట్టేలు చస్తుంది, ఒకదాంట్లో హీరో దాన్ని ముద్దు పెట్టుకుంటాడు, మిగతా రెండింట్లో పొట్టేలే లేదు.

"నాల్గిట్ల అసలుది ఒక్కటే ఉంటది గద! మిగిలినయన్ని అబద్ధమే. ఇది గూడ అబద్ధమేమో" అంది శోభ.

"పొట్టేలు మనదేనే! నేను గుర్తువట్టనా? పొట్టేలు నిజమైనప్పుడు ట్రైలరెట్ల అబద్ధమైతది?"

శోభ ఆ నాలుగూ మళ్లీ మొదటి నుంచి పెట్టి చూసింది. పరమేష్‌కు మాత్రం ఆ చచ్చిన పొట్టేలు తప్ప వేరే ఆలోచన లేదు.

ఆ సాయంత్రమే మల్లికకు ఒళ్లు వెచ్చబడింది. తిండి వద్దని ముడుచుకుని పడుకుంది. పరమేష్ నుదుటి మీద చెయ్యి వేసి చూడటం, లేవడం, వాకిట్లోకి పోవడం, మళ్లీ వచ్చి చెయ్యి వేయడం. కాలు కాలిన పిల్లి నయం. గుర్వమ్మ పిల్ల పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. పొట్టేలు ఊసు కూడా ఎత్తలేదు. అదే అదృష్టమనుకున్నాడు వెర్రివాడు.

తెల్లారేసరికి పిల్లకు జ్వరం దిగింది. గంజి తాగింది. అయినా పరమేష్ భయం దిగలేదు. ఇవ్వాళ దిగింది రేపు రాదని ఎవరు చెప్పారు? శోభను బండి మీద ఎక్కించుకుని మోత్కూరు పోయాడు. సినిమా సంగతి సినిమా హాలువాళ్లకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని శోభ అన్న మాట అది.

హాలు మేనేజరు రామచంద్రయ్య పెద్దమనిషి. అంతా విని, వీడియో చూసి, నవ్వబోయి, పరమేష్ మొహం చూసి ఆగిపోయాడు.

"బిడ్డా, అఫీషియలని పేరు ఎవడైన రాసుకుంటడు. ఎవడు రాసిండన్నది గాదు, ఎవడు పెట్టిండన్నది సూడాలె. కంపెనోళ్లు ట్రైలరు ఇంక ఇడువనే లేదు. రేపు పొద్దుగాల ఇడుస్తరు. మాకు గూడ గప్పుడే వస్తది."

"మరి ఇండ్ల మా పొట్టేలెట్ల వచ్చింది సార్?"

"షూటింగుల ఎవడో ఫోన్ల తీసుంటడు. గా ముక్కకు వేరే సినిమాల నెత్తురు అతికిచ్చిండ్రు. మంది చూస్తె పైసలొస్తయి గద."

గోడ మీది పోస్టరు కింద గళ్లగళ్ల గుర్తు ఒకటుంది. దాని మీద ఫోను పెట్టించాడు. కంపెనీవాళ్ల సొంత ఛానల్ తెరుచుకుంది. అందులో ట్రైలరు లేదు, రేపు వస్తుందన్న బొమ్మ మాత్రం ఉంది.

"ఇంక దీన్ల వచ్చిందే నమ్ముండ్రి. తక్కినయన్ని గాలిమాటలు."

మర్నాడు మళ్లీ మోత్కూరు. రామచంద్రయ్య గదిలో ముగ్గురూ తెరకు కళ్లప్పగించారు. ట్రైలరు వచ్చింది. మంచు, గుట్ట, పొట్టేలు. కత్తీ లేదు, నెత్తురూ లేదు. హీరో వెనక ఉరుకుతూ పోయింది, అంతే. పరమేష్ ఏడ్చేశాడు.

శోభ మాత్రం కదలలేదు. "గిది ఎప్పుడో తీసింది గద సార్. పొట్టేలు ఇయ్యాల బతికున్నదని దీన్ల యాడుంది?"

రామచంద్రయ్య ఆమె వంక చూసి తలూపాడు. తనకు సినిమాలు పంపేవాళ్లను అడిగి కంపెనీ ఆఫీసు నంబరు పట్టాడు. వాళ్లు ఇంకొకరికి, ఆ ఇంకొకరు సునీల్‌కు కలిపారు. పాత ఫోను నీళ్లలో పడిందట ఆ మహానుభావుడిది! వీడియో కాల్‌లో చూపించాడు. ఏదో తోటలో చెట్టుకు కట్టేసిన పొట్టేలు తీరిగ్గా ఆకులు నములుతోంది.

"పొట్టేలా!" అని పిలిచాడు పరమేష్. చెవులు రిక్కించింది.

ఎల్లుండి బండిలో పంపుతామన్నారు. ఇంటిదారంతా పరమేష్ పాటలు పాడాడు. నిజం అమ్మకు చెప్పేద్దామనుకున్నాడు, భయమేముంది ఇంక?

గుర్వమ్మ వాకిట్లో మల్లికకు తల దువ్వుతోంది. పరమేష్ ఎదురుగా గొంతుక్కూర్చుని అంతా చెప్పాడు. అబద్ధమాడానన్నాడు, తప్పయిందన్నాడు. అసలు ట్రైలరు చూపించాడు. ఆమె కళ్లు చికిలించి చూసింది.

"బతికే ఉన్నదారా?"

"బతికే ఉన్నదమ్మా."

దువ్వెన ఆగిపోయింది. "మరి ఐలేశం సూపెట్టింది?"

"నీకు సూపెట్టిండా? ఎప్పుడు?"

"నీకంటె ముందే. నువ్వు మంద తోలుకపోయినంక ఇంటికొచ్చి సూపెట్టి, గప్పుడు గుట్ట కాడికి వచ్చిండు. గా మాపే పిల్లకు జరమొచ్చే. ఇంకేం జెయ్యాలెరా? మొక్కిన. పొట్టేలు చేజారె, దాని జాగల నన్ను తీస్కపో, పిల్లను ముట్టకు అని మొక్కిన."

"అమ్మా! అది దొంగ వీడియోనే! గా మొక్కు చెల్లదు!"

"వీడియో దొంగదే కావచ్చు. పిల్ల జరం నిజమే గద బిడ్డా? నేను మొక్కిన తెల్లారే దిగే. ఆయన తీసుకున్నడు." ఆమె మల్లిక జడ అల్లడం మొదలుపెట్టింది. "ఏడ్వకు. పొట్టేలొస్తే పండుగ మంచిగ చేద్దాం. నా సంగతి ఆయనిష్టం."

పొట్టేలు వచ్చింది. పండుగా అయింది. మల్లిక బడికి పోతోంది. పరమేష్ మాత్రం ఇప్పటికీ సరిగా నిద్రపోడు. గుర్వమ్మ చిన్నగా దగ్గినా చాలు, లేచి ఆమె మంచం పక్కన కూర్చుంటాడు.