గాలాడే బూట్లు

మా ఆయనలో నాకు నచ్చనివి ఆయన పాదాలొక్కటే. అవి కూడా ఆదివారం సాయంత్రం బాగానే ఉంటాయి. సోమవారం పొద్దున్న బూట్లు తొడిగాడంటే మళ్ళీ మొదలు.

మురళీమోహన్ సర్వేయరు. శృంగవరపుకోట వైపు కొత్తగా వేస్తున్న రోడ్డు పనిలో ఉన్నాడు. సైటులో అడుగుపెట్టిన దగ్గర్నుంచి దిగిపోయేదాకా, ముందు ఇనుప తొడుగున్న బరువైన సేఫ్టీ బూట్లు కాళ్ళకి ఉండాల్సిందే. ఎండకి ఆ బూట్లలో పాదాలు ఉడుకుతాయి. ఉడికి, నాని, సాయంత్రానికి నీళ్ళలో వేసి మరిచిపోయిన అటుకుల్లా తేలతాయి. ఇక వాసన సంగతి సరే సరి.

మా కాపురం కొత్తవలసలో, జగ్గమ్మగారి మేడమీద వాటాలో. పెళ్ళయి రెండు నెలలే కావడంతో టీ వడపోసే జల్లెడ కొన్నా మాకు పండగలాగే ఉండేది. కాలేజీలో 'మురళీ' అని పిలిచిన మనిషిని ఇప్పుడు 'బావా' అని పిలవడం నాకు ఇంకో సరదా. కానీ ఆ బావ సాయంత్రం ఇంటికొస్తే ముందు గుమ్మంలోంచి రాడు. దొంగలా వెనక్కి వెళ్ళి, కుళాయి దగ్గర బూట్లు విప్పి, కాళ్ళు తోమి తోమి కడిగి, అప్పుడు పిలుస్తాడు, "భారతీ, తువ్వాలు!" అని.

ఒకరోజు జగ్గమ్మగారు ఆయన్ని గేటు దగ్గరే ఆపేసింది.

"బాబూ, మెట్ల కింద పందికొక్కేదో సచ్చినట్టున్నాది. కాస్త సూసి పెట్టవా?"

మా ఆయన బూట్లతోనే టార్చి పట్టుకుని మెట్ల కింద దూరాడు. వెతుకుతున్నంతసేపూ ఆవిడ ముక్కు మూసుకుని, "ఆ, అక్కడే! దగ్గరికొచ్చీసినావు బాబూ! ఇంకా దగ్గరికొచ్చీసినావు!" అని దారి చెబుతూనే ఉంది.

ఆ రాత్రి ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఈ సంగతి మా ఇద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. ముఖ్యంగా మావాళ్ళకి.

అక్కడే వచ్చింది చిక్కు. మాది సముద్రం ఇల్లు. ఆయనది వరి పండించే ఇల్లు. రెండిళ్ళవాళ్ళూ ఒప్పుకునే పెళ్ళి చేసినా, ఒకరినొకరు ఇంకా కొత్త చెప్పుల్లా జాగ్రత్తగా చూసుకుంటున్నారు. నన్ను చంకనేసుకుని పెంచిన మా మేనత్త దానమ్మ భోగాపురం అవతల సముద్రం ఒడ్డున ఉంటుంది. మావ నూకయ్య పడవ మీద తెచ్చిన చేపల్ని గంపకెత్తుకుని భోగాపురం వీధుల్లో అమ్ముతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి మమ్మల్ని భోజనానికి పిలుస్తూనే ఉంది.

మా ఇళ్ళలో కొత్త అల్లుడు మొదటిసారి భోజనానికి వస్తే, ఆ ఇంటి పెద్ద ఆడమనిషి అతన్ని గుమ్మంలో పీట మీద కూర్చోబెట్టి, తన చేత్తో చెప్పులు విప్పి, కాళ్ళు కడిగి, పమిటతో తుడిచి లోపలికి తీసుకెళ్తుంది. అది జరిగేదాకా అతను చుట్టమే. జరిగాకే అల్లుడు.

ఈ మాట చెప్పగానే మా ఆయన ముఖం పాలిపోయింది. "తన చేత్తోనా? వంగి? అంత దగ్గర్నుంచా? శనివారం కంపు ఆదివారం భోజనాల వేళకి ఇంకా పోదు కదా!"

అప్పట్నుంచి ఒక ఆదివారం సర్వే పని, ఇంకో ఆదివారం జ్వరం, మరో ఆదివారం బస్సుల్లేవు. చివరికి అత్త ఫోన్ చేసింది.

"ఒసే భారతీ, నిజం సెప్పు. మా ఇల్లు సేపల కంపని మీ ఆయన రాట్నేదు కదా?"

"ఛ ఛ, అదేం కాదత్తా!"

"మరేటి? వరన్నం తినీవోళ్ళకి మా నీసు పడదేటి? తిన్నప్పుడు రుసిగానే ఉంటాది, ఒండిన ఇల్లు మాత్రం కంపా?"

"సైటులో పనత్తా…"

"ఏటా పని? ఆ రోడ్డంతా మీ ఆయనొక్కడే ఏస్తన్నాడేటి? అమాసెళ్ళిన ఆదివారం దాకా సూస్తాను. ఆరోజు రాకపోతే నా గుమ్మం నీకూ నేదు. నాకు మేనగోడలే నేదనుకుంటాను."

ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కంపుకి భయపడుతున్న మాట నిజమే. ఎవరి కంపుకి ఎవరు భయపడుతున్నారో ఒట్టు వేసిన నోటితో ఎలా చెప్పను?

నిమ్మకాయ రుద్దాం, పౌడరు చల్లాం. నిమ్మకాయ రుద్దిన రోజు నిమ్మకాయ కూడా కుళ్ళినట్టు వాసన వచ్చింది. పాదాలు రోజంతా పొడిగా ఉంటే తప్ప లాభం లేదని తేలింది. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. ఆ చదువుతో అప్పటిదాకా బాగుచేసింది మిక్సీ మూత ఒక్కటే. కొంగు దోపుకుని బూట్లు ముందేసుకుని కూర్చున్నాను.

"అడుగున కన్నాలు పెడితే?" అన్నాను.

"బురదొచ్చేస్తుంది."

"పక్కన?"

"సైటు గేటు దగ్గరే ఆపేస్తారు. బూటుకి చిల్లుండకూడదు."

అంటే గాలి చీలమండ దగ్గర్నుంచే రావాలి, అక్కణ్ణుంచే పోవాలి. ఆలోచించగా ఆలోచించగా, నడిచే మనిషి మడమే ఒక పంపు కదా అనిపించింది. మడమ కింద చిన్న రబ్బరు బుడ్డి పెట్టాలి. మడమ నొక్కితే లోపలి ఉక్కగాలి సన్నటి గొట్టంలోంచి ప్యాంటు కిందుగా బయటికి పోవాలి. మడమ లేస్తే ఇంకో గొట్టంలోంచి కొత్తగాలి వేళ్ళ దాకా రావాలి. పాదం కింద గాలి తిరగడానికి సింకులో గిన్నెల కింద వేసే ప్లాస్టిక్ జాలీ కత్తిరించి పరిచాను. గాలి వెనక్కి మళ్ళకుండా సైకిల్ ట్యూబు ముక్కలతో చిన్న చిన్న తలుపులు చేశాను. ప్రతి అడుగుకీ బూటు ఊపిరి తీసి వదలాలన్నమాట!

సరైన బుడ్డి మందులషాపులో దొరికింది. పసిపిల్లలకి జలుబు చేస్తే ముక్కు శుభ్రం చేసేది. రెండు కొన్నాను. వెనక్కి తిరిగేసరికి జగ్గమ్మగారు తలనొప్పి మాత్రలకోసం నిలబడి ఉంది. నా చేతిలోవి చూసింది, నా ముఖం చూసింది. సాయంత్రానికి పుల్ల మామిడికాయలు పంపించింది.

"రెండు కొన్నావేటే?" అని మర్నాడు మెల్లగా అడిగింది. "కవలలని అప్పుడే సెప్పీసినారా?"

మొదటిసారి తయారుచేసిన బూట్లు ఈల వేశాయి. ఆయన సైటులో నడుస్తుంటే ఆ ఈల విని, తనని వెనక్కి రమ్మంటున్నారనుకుని రోలరు డ్రైవరు రోలరు వెనక్కి తీశాడట. గొట్టం మూతి వెడల్పు చేశాక ఈల పోయి 'పుస్స్' మాత్రం మిగిలింది.

తర్వాత ఒక సాయంత్రం నేను ఉల్లిపాయలు తరుగుతుంటే ముందు తలుపు చప్పుడైంది. చూస్తే మా ఆయన! బూట్లు మెట్ల కిందే వదిలేసి, వెనక కుళాయికి వెళ్ళకుండా, ముందు గుమ్మంలోంచి, తలెత్తుకుని వస్తున్నాడు. పాదాలు అప్పుడే ఎండలోంచి తీసిన అప్పడాల్లా పొడిగా ఉన్నాయి. నేను ముట్టుకుని చూశాను. వాసన కూడా చూశాను. పెళ్ళయిన కొత్తలో మనుషులు ఏమైనా చేస్తారు.

అమావాస్య వెళ్ళిన ఆదివారం వచ్చింది. ఆయన చెప్పులు తొడగబోయాడు.

"బూట్లేసుకో బావా," అన్నాను. "అత్త విప్పాలి. లోపల చూడాలి. ఇదేమిటే అని అడగాలి. అప్పుడు నేను చెప్పాలి."

కొత్తగా పెళ్ళైనవాడు కాబట్టి కాదనడం ఇంకా చేతకాదు. బూట్లే వేసుకున్నాడు.

భోగాపురంలో దిగేసరికి వాన. ఆటో ఎక్కాం. రెండు పక్కలా పరదాలు దించేసి, మనుషులు నిండితే గానీ కదలనని డ్రైవరు కూర్చున్నాడు. మా ఎదురుగా లక్ష్మీనరసమ్మగారు, కూతురింటికి వెళ్తూ. ఏళ్ళ తరబడి మా అత్త దగ్గరే చేపలు కొనే మనిషి. అంతలో పరదా ఎత్తుకుని గంపతో సహా ఎక్కింది అత్తే. మాకోసం వంజరం చేప దాచి తెస్తోంది. మా ఆయన్ని చూసి నవ్వలేదు.

"వచ్చినారా బాబూ. తీరికైనాదన్నమాట," అని గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని ముఖం తిప్పుకుంది.

మా ఆయనకి కంగారు పుట్టింది. కంగారు పుడితే ఆయన కాలు ఊపుతాడు. మడమ టకటకా నేలకి కొట్టుకుంటుంది. ఆ ఊపుడికి కింద రెండు బుడ్లూ ఆగకుండా ఊపిరి వదలడం మొదలుపెట్టాయి. పాదాలు పొడిబారాయి, నిజమే. కానీ ఇన్ని నెలలుగా బూట్ల తోలులో దాక్కున్న పాత వాసనంతా ఎక్కడికి పోతుంది? బయటికే పోతుంది. అందుకే కదా నేను గొట్టం పెట్టింది. ఆరుబయట ఎవరికీ తెలియలేదు. ఇక్కడ పరదాలు దించి ఉన్నాయి.

లక్ష్మీనరసమ్మగారు ముందు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆగలేకపోయింది.

"దానమ్మా, నీ సేప కుళ్ళిపోనాది."

అత్త గిర్రున తిరిగింది. "ఏటన్నారు?"

"కుళ్ళిపోనాదంతన్నాను! అమ్మమ్మమ్మ, ఏటా కంపు! ఇన్నాళ్ళూ ఇలాటియ్యేనా మాకు కట్టబెట్టినావు?"

"నా సేపా? పొద్దున్న పడవలోంచి దిగినాది! ఇదిగో, మొప్పలు సూడండి, ఎర్రగున్నాయా నేదా? కళ్ళు సూడండి! మీ కళ్ళకన్నా మెరుస్తన్నాయి!"

"నా కళ్ళ జోలికి రాకు! ముక్కు నాకూ ఉన్నాది!"

ఆ అరుపులకి పక్కన కిళ్ళీషాపు చూరు కింద వానకి నిలబడ్డవాళ్ళంతా ఇటు తిరిగారు. వాళ్ళలో సగంమంది అత్త దగ్గర చేపలు కొనేవాళ్ళే. డ్రైవరు కూడా ముక్కు పట్టుకుని, "దానమ్మప్పా, గంప దించీ. నాకు కడుపులో తిప్పీస్తన్నాది," అన్నాడు.

అత్త గంప మీద చెయ్యి వేసుకుని మా ఆయన వైపు చూసింది. అంతసేపు అరిచిన గొంతు సన్నబడిపోయింది.

"ఏటి బాబూ, మీక్కూడా కంపు కొడతన్నాదా? ఇందుకేనా ఇన్నాళ్ళూ రానిది?"

నేను నోరు తెరిచాను. ఒట్టు గుర్తొచ్చి మూశాను. మా ఆయన లేచి నిలబడబోయి, పైన కమ్మీకి తల కొట్టుకుని, మళ్ళీ కూర్చుని అన్నాడు, "కంపు చేపది కాదండీ. నాదే."

ఎవరికీ అర్థం కాలేదు.

"నా బూట్లది. చూడండి," అని మడమ గట్టిగా నొక్కాడు. పుస్స్.

లక్ష్మీనరసమ్మగారు పరదా ఎత్తి తల వానలో పెట్టేసింది.

"ఇంకోపాలి నొక్కు బాబూ," అంది అత్త.

పుస్స్. అత్త వంగి, శాస్త్రీయంగా పీల్చి, "ఓలమ్మో!" అని వెనక్కి వాలింది. వాలుతూనే పరదా మొత్తం పైకి లాగేసి, కిళ్ళీషాపు దాకా వినబడేలా కేకేసింది.

"ఇన్నారా అందరూ? నా సేపది కాదు! ఇది మా అల్లుడి కాళ్ళ కంపు! మా అల్లుడిది!"

కాళ్ళు కడక్కముందే అల్లుడు అనేసింది. నేను చటుక్కున మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన చెవులు వంజరం మొప్పలంత ఎర్రగా ఉన్నాయి.

లక్ష్మీనరసమ్మగారు తడిసిన తల లోపలికి తెచ్చుకుని, "అలగైతే ఆ వంజరం నాకే ఇచ్చీ, మా అమ్మాయికి అట్టుకెళ్తాను," అని గొణిగింది. పరువు తిరిగొచ్చిన సంతోషంలో అత్త, మాకోసం దాచిన చేప తీసి ఆవిడ సంచిలో పెట్టేసింది.

ఇంటి దగ్గర పీట వేసింది. బూట్లు విప్పి, నూకయ్య మావకిచ్చి, బోర్లించిన పడవ అవతల పెట్టి రమ్మంది. కాళ్ళు కడిగి, పమిటతో తుడిచి, ఆశ్చర్యంగా చూసింది.

"కాళ్ళు బాగానే ఉన్నాయి కదా బాబూ. పసిపిల్లోడి కాళ్ళలాగున్నాయి. మరి కంపెక్కడిదీ?"

నేను ఎదురుచూసిన ప్రశ్న అదే. జాలీ, బుడ్డి, గొట్టం, తలుపులు అన్నీ చెప్పాను.

"అంటే నువ్వు సేసిన మిషను కంపుని బైటికి తోస్తాదన్నమాట."

"అవునత్తా! పనిచేస్తోంది కదూ?"

"ఎందుకు సెయ్యదు? బోగాపురం అంతా తెలిసినాది."

కోడిగుడ్ల పులుసుతో భోజనం చేశాం. మా ఆయన మారు అడిగి వడ్డించుకున్నాడు. నూకయ్య మావ మధ్యమధ్యలో లేచి, పడవ అవతలికి వెళ్ళి, బూటు చేత్తో నొక్కి పుస్సుమనిపించి, దూరంగా గెంతి నవ్వుకుంటూ వచ్చాడు.

చేతులు కడుక్కోగానే అత్త కొత్త చీర కట్టుకుంది. "పదండి, బస్సెక్కిస్తాను. బూట్లు తొడుక్కో బాబూ."

"చెప్పులుంటే ఇయ్యండి అత్తా, అవే…"

"బూట్లే తొడుక్కో. ఆ నరసమ్మ అరిసిన అరుపు ఊరంతా పాకిపోయుంటాది. నా సేపలు కొనీవోళ్ళు ఇంకో నాలుగు ఈదుల్లో ఉన్నారు. ఒక్కొక్కలికీ సూపించాల."

వాన తగ్గింది. గంప లేకుండా అత్త భోగాపురం వీధుల్లో తిరగడం నేనెప్పుడూ చూడలేదు. ప్రతి గుమ్మం ముందూ ఆగి, "మా అల్లుడండీ, సర్వేయరు. నొక్కు బాబూ," అంటోంది. ఆయన నొక్కుతున్నాడు. తలుపులు టపటపా మూసుకుంటున్నాయి. మూసుకున్న తలుపుల వెనకనుంచి, "రేపొక కేజీ పండుగప్ప ఎట్టీ దానమ్మా!" అని కేకలు వినిపిస్తున్నాయి. గాలివాటు చూసుకుని ఆయనకి ముందు నడుస్తూ, నేను వెనక్కి తిరిగి తిరిగి చూశాను. పెళ్ళి ఊరేగింపులో కూడా మా ఆయన అంత ఠీవిగా లేడు.