అదిమిపట్టిన బటన్

బోర్లన్నీ ఎండిపోయాక ఓబుళేశు మోటారు అమ్మేసి బద్వేలులో ఫొటో స్టూడియో పెట్టాడు. కంప్యూటర్ మీద పనంతా అన్న కూతురు స్వర్ణలతది. ఆర్పడం మాత్రం అతనిదే. గోడ స్విచ్చి కట్టేసేవాడు, అంతే. ఆ దెబ్బలకు ఫొటోలుండే డిస్కు అప్పటికే సగం చచ్చింది. అందుకే ఆ పొద్దున ఆమె సెట్టింగు మార్చింది.

"ఇంగ స్విచ్చి ముట్టుకోవద్దు సిన్నాయనా. యూపీఎస్ కూస్తే ఈ బటన్ ఒకసారి నొక్కి ఏలు తీసేయ్. అన్నీ సర్దుకొని అదే ఆరిపోతాది. ఆలిస్యమైనా మళ్లా ముట్టుకోవద్దు."

"నాకు మోటార్లు ఆర్పేది నేర్పిస్తాండావా పాపా?"

"ఇది మోటారు కాదు. అదిమి పట్టుకుంటే సంపినట్టే."

ఫొటో కాగితం అయిపోయిందని, తెచ్చి ప్రింటు తీస్తానని ఆమె బజారుకు పోయింది. బెంచీ మీద గిడ్డమ్మ కూర్చుని ఉంది. క్వారీలో బండ దొర్లి ఆమె కొడుకు శివన్న పోయాడు. శవానికి ముఖం మిగల్లేదు. యజమాని గోనెపట్టాలో చుట్టించి పంపి, ప్రమాదమని చేతులు దులుపుకున్నాడు. బండ కింద నిలబెట్టింది ఎవడని అడిగే దిక్కు లేదు. బస్సు పాసుకు దిగిన ఫొటో ఒక్కటే ఈ కంప్యూటర్లో ఉంది. రేపు దినం. పటం కట్టించాలి.

తెర మీద శివన్న ముఖం.

"నవ్వుతాండాడు సూడప్పా," అంది గిడ్డమ్మ. "నాకాడ ఒకనాడన్నా నవ్వినాడా యెదవ."

కరెంటు పోయింది. యూపీఎస్ కూసింది. ఓబుళేశు బటన్ నొక్కి వేలు తీశాడు. శివన్న పోయి తెర మీద ఏవో అక్షరాలొచ్చాయి. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది. కూత ఎక్కువైంది. ఒకసారి చేలో ఇట్లే ఎర్ర బటన్ నొక్కినా మోటారు ఆగక, వైండింగు కాలి, చెనక్కాయ పైరు నిలువునా ఎండింది. ఆ కమురు ముక్కుకు తగిలినట్టయింది. మళ్లీ వేలు పెట్టి, ఫ్యాను ఆగేదాకా అదిమిపట్టాడు.

"ఆరిపాయనా అప్పా?"

"ఆరిపాయమ్మా."

కరెంటు వచ్చాక, బజారు నుంచి తిరిగొచ్చిన స్వర్ణలత మిషను ఆన్ చేసింది. నల్లతెర. లోపల డిస్కు గీక్కుంటున్న చప్పుడు.

"పట్టుకుంటివా సిన్నాయనా?"

"తిరగతానే ఉండె పాపా. కాలిపోతాదనుకుంటి."

"నా కొడుకు రాడా?" అని అడిగింది గిడ్డమ్మ.

స్వర్ణలత తెచ్చిన ఫొటో కాగితం విప్పకుండానే పక్కన పెట్టేసింది. గిడ్డమ్మ చెంగు దులుపుకుని లేచింది.

"క్వారీవోడు మొగం తీస్కపాయ. మిగిలింది నీవు తీస్కపోతివి," అంది ఓబుళేశుతో.

మరునాడు గిడ్డమ్మ ఇంట్లో, పటం ఉండాల్సిన పీట మీద శివన్న చొక్కా మడిచిపెట్టి కాలరుకు దండ వేశారు. ఓబుళేశు వాకిట్లోనే నిలబడ్డాడు. రమ్మని గానీ పొమ్మని గానీ ఎవరూ అనలేదు.